చిన్నమ్మ ఇచ్చిన ముఖం

నా చిన్నప్పుడు, డెబ్బైల తొలినాళ్లలో, వరంగల్‌లో మా నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. నాకు ఐదేళ్లప్పుడు అమ్మ కాన్పులో పోయింది. ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. పెత్రమాస దగ్గరపడింది. పోయినవాళ్ల పేర బియ్యం ఇచ్చే ఆ అమావాస్యనాడు దండ వేయడానికి ఫొటో కావాలని నాయనమ్మ పట్టుబట్టింది. అప్పటికే అమ్మ ముఖం నా మనసులో చెదిరిపోతోంది. ఆ సంగతి కనిపెట్టింది మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు. ఆమెకింకా పెళ్లి కాలేదు.

అక్క పెళ్లిచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని చౌరస్తాలోని స్టూడియోకు వెళ్లింది. పోలిక అమ్మదే. కానీ అమ్మ అంతగా నవ్వే మనిషి కాదు, చిన్నమ్మ పెదవుల మీద ఎప్పుడూ నవ్వే. "జర నవ్వకమ్మా" అంటూనే ఉన్నాడు ఫొటోలు తీసే ఆయన. కాసేపటికి ఆ నవ్వు దానంతటదే పోయింది. అమ్మ గడ్డం మీది పుట్టుమచ్చను ఆయన తర్వాత కుంచెతో దిద్దాడు.

వాడంతా చెవులు కొరుక్కుంది. బతికున్న పిల్ల ఫొటోకు దండేమిటని అమ్మమ్మ ఏడ్చింది. చిన్నమ్మ వినలేదు. "నాకేం గాదు. పోరికి అమ్మ మొఖం యాదుండాలె గద!" అంది.

ఫొటో తగిలించిన గోడవైపు నాన్న చూసేవాడు కాదు. నేను "గిది అమ్మ కాదు, చిన్నమ్మ" అని మొండికేశాను. "సూడంగ సూడంగ అమ్మే అయితది బిడ్డా" అంది నాయనమ్మ. అట్లాగే అయింది. అమ్మ నాకు తల దువ్వడం, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకోవడం, అన్నీ ఆ ముఖంతోనే గుర్తున్నాయి. నిజంగా జరిగాయో, ఫొటో చూస్తూ నేనే అల్లుకున్నానో చెప్పలేను.

దండ పడిన ముఖాన్ని మళ్లీ ఫొటో తీయొద్దని చిన్నమ్మ పెళ్లిలోనే ఆమె అత్తగారు అడ్డుపడింది. ఎనభైల్లో చిన్నమ్మ జబ్బు చేసి పోయింది. ఆమెది వేరే ఫొటో లేక, పిల్లలు దానికోసం మా ఇంటికే వచ్చారు. దించి ఇచ్చాను. చిన్నవాడు అద్దం మీద వేలు పెట్టి, "మా అమ్మకు గీ మచ్చ లేదు గద అక్కా" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. మచ్చ లేకుండా వాళ్లకొక కాపీ తీయించి, అసలుది నేనే ఉంచుకున్నాను.

ఇప్పటికీ పెత్రమాసకు ఆ ఒక్క ఫొటో ముందే ఇద్దరి పేరా బియ్యం పెడతాను. కళ్లు మూసుకుంటే అమ్మ వస్తుంది. గడ్డం మీద మచ్చ ఉంటుంది. కానీ ఫొటోలో లేని నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వు చిన్నమ్మది.