అక్క రాసిన లెక్క

తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలకు పాఠాలు చెప్తూ నేను పోగొట్టుకున్న ఓపికలో సగం ఆ ఆన్‌లైన్ డాక్యుమెంటుకే పోయింది. నలుగురేసి ఒక గ్రూపు, గ్రూపుకో డాక్యుమెంటు. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలి, అలా కలిసి నేర్చుకోవాలి. ఇదీ నా ఆశ. వీళ్లేమో ఒకరు రాస్తే మిగతా ముగ్గురూ కింద బాగుందన్నట్టు బొటనవేలి గుర్తు పెట్టి పోయేవాళ్లు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఒక గ్రూపులో, పెళ్లయి కొన్నేళ్లు చదువు మానేసి తిరిగొచ్చిన అమ్మాయి ఉండేది. రోజూ ఐరాల నుంచి బస్సులో వచ్చేది. వయసులో పెద్దది కాబట్టి అందరికీ అక్క. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో కొలవడం ఆ గ్రూపు పని. సెమినార్ బాగా చేసిన ఒకరిని, బయటి నుంచి వచ్చే ప్రొఫెసరు తన ప్రాజెక్టులోకి తీసుకుంటానన్నాడు. ఆ సీటు మీదే ఆమె ఆశలన్నీ పెట్టుకుంది.

సెమినార్‌లో తమ ఊరి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని చెప్పింది. ప్రొఫెసరు అడిగాడు: "నీళ్లని పదింతలు పలుచన చేసి కొలిచారు కదమ్మా. వచ్చిన విలువని మళ్లీ పదితో గుణించారా?"

ఆమె ముఖం పాలిపోయింది. గుణించలేదు. అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఆమె చెప్పినదానికి పదింతలుంది. సీటు ఇంకొకరికి పోయింది.

బయటికొచ్చాక ఆ గ్రూపులోని కుర్రాడు నసిగాడు. "అక్క రాసిన పొద్దే సూసినాను సార్, తప్పని."

"చూసి? దిద్దడానికేం రోగం?"

"అక్క రాసింది మేం యాడ దిద్దేది సార్? బాగుండదు కదా."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "అక్కా అక్కా అని మర్యాద చేసి నన్ను నిలువునా ముంచినారు కదప్పా!" కళ్లు తుడుచుకుంటూ బస్టాండుకు వెళ్లిపోయింది.

మరుసటి వారం నా నోట్సునే క్లాసందరికీ కలిపి ఒక డాక్యుమెంటులో పెట్టి, కావాలనే ఒక లెక్క తప్పు వేశాను. తప్పు కనిపిస్తే దిద్దండని పైన పెద్దక్షరాలతో రాశాను కూడా. సాయంత్రానికి కింద బొటనవేళ్లు బారులు తీరాయి. చాలా బాగుంది సార్ అని కొందరు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

మర్నాడు తెరిస్తే ఆ లెక్క మీద అడ్డగీత ఉంది, పక్కన సరైన జవాబు. దిద్దింది ఐరాల అమ్మాయి. కింద ఒక మాట రాసింది: "మీరంటే గౌరవం ఉండాది సార్. అందుకే దిద్దినాను."