అంతా సొల్లు

ఆ ఆల్బం మీద నేను రాసిన విమర్శ మొత్తం రెండే మాటలు. వాటికి దక్కినంత ఆదరణ నా డిగ్రీకి గాని, ఉద్యోగానికి గాని ఇంతవరకు దక్కలేదు.

మలేషియాలోని సుంగై సిపుట్‌లో మా ఊరివాడే ఒకడు తమిళంలో గ్యాంగ్‌స్టా ర్యాప్ ఆల్బం విడుదల చేశాడు. పదకొండు పాటలు, తొమ్మిదింట్లో కత్తులు. కౌలాలంపూర్ విమర్శకులు దాన్ని ఎస్టేట్ కూలీల మనవల ఆగ్రహమన్నారు. వాళ్లు రబ్బరు చెట్టును కారు అద్దంలోంచి తప్ప చూసినట్టు లేదు. పత్రికలకు ఉత్తరాలు రాసే పెద్దలు నిషేధించమన్నారు. దాంతో విననివాళ్లు కూడా విన్నారు. అభిమానులు మాత్రం ప్రతి పాట కిందా ఒకటే రాశారు: నిజమంటే ఇదీ అని.

నేను ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ప్రమాదం జరిగిందని వచ్చేవాళ్లు చెప్పే కథల్లో ఏది జరిగిందో, ఏది అల్లిందో తేల్చడం నా పని. ఆ అలవాటుతోనే ఆల్బం విన్నాను. వీడియో కింద మా పిన్ని కొడుకు "ఎలాగుందిరా?" అని అడిగాడు. చుట్టూ తమిళులే కదా అన్న ధైర్యంతో, ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో జవాబిచ్చాను: "అంతా సొల్లు." మా ఇంట్లో దానర్థం, మొత్తం పనికిమాలిన వాగుడని. ఈ దేశంలో తెలుగు మాకు తాళం వేసిన బీరువా. రైల్లో ఎదుటివాడి జుట్టు గురించి కూడా అతని ముందే మాట్లాడుకుంటాం.

ఇంగ్లీషు అక్షరాలకు దీర్ఘాలుండవు, త-ద తేడా కూడా ఉండదు. తమిళులు దాన్ని "అంద సొల్లు" అని చదువుకున్నారు. అంటే "ఆ మాట!" అని. ఎవడో పాట విని పరవశించిపోయి, అంతకు మించి నోరు పెగలక అన్నట్టుంది వాళ్లకు.

మర్నాటికి దాని కింద నిప్పు బొమ్మలు వెలిశాయి. వారానికి ఆ ర్యాపరే దాన్ని తన పేజీలో పెట్టుకున్నాడు. మూడో వారానికి నల్ల టీషర్టుల మీద తెల్లగా అచ్చయింది. మార్కెట్‌కు కోడి కోసం వెళితే, కోసేవాడి రొమ్ము మీద నా విమర్శ, చేతిలో కత్తి. చేపలు కొనుక్కుని వచ్చేశాను.

చెరిపేస్తే ఎందుకు చెరిపావంటారు. ఉంచితే ఏదో ఒకనాడు ఎవరో ఒకరు అర్థం చెబుతారు. పైగా దాని పక్కనే నా ఫొటో ఉంది, టై కట్టుకుని నవ్వుతున్నది.

ఒక శుక్రవారం ఆఫీసులో ఉండగా ర్యాపర్ దగ్గర్నుంచి సందేశం వచ్చింది. "అన్నా, ఆదివారం మజ్జాన్నం మా ఇంటికి రా. మాటాడాల."

తెలుగులో ఉంది. రెండుసార్లు చదివాను. అంటే నా రెండు మాటలూ అతనికి అర్థమయ్యాయి.

పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను.

"ఎల్లకురా. మలాకా పోయి దాక్కో," అన్నాడు.

"ఆడికి మా ఆఫీసు తెలుసు."

"అయితే ఎల్లు."

"నువ్వూ రారా."

"నాకు పనుంది లా," అని, ఇక్కడివాళ్ల అలవాటు చొప్పున చివర లా తగిలించి, ఫోన్ పెట్టేశాడు. ఏం పనో అతను ఆలోచించుకునేలోపే.

ఆదివారం కారును రోడ్డు వైపు తిప్పి నిలిపి, లోపలికి వెళ్లాను. ర్యాపర్ వీడియోలో కంటే సన్నంగా ఉన్నాడు, కళ్లజోడు కూడా ఉంది. అతని స్నేహితుడు ఒకడు, మా ఆఫీసు తలుపంత మనిషి, నాకూ గుమ్మానికీ మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతనికి తెలుగు రాదట. నా విమర్శ మాత్రం తొడుక్కున్నాడు.

ర్యాపర్ టీ ఇచ్చాడు. "ఈ సొక్కా ఏసుకుని మా మామ్మ కాడికెల్లినానన్నా. ఏటి రాసుందిరా అనడిగినాది. సదివినాను. పకపకా నవ్వినాది. అది తెలుగని నాకప్పుడే తెలిసినాది."

నేను నవ్వలేదు. "తమ్ముడూ, నేనేదో మాటవరసకి..."

"పర్లేదు లా. ఎక్కడెక్కడ సొల్లో సెప్పు."

వెనక కుర్చీ కిర్రుమంది. నాలుగు పొగడ్తలు పడేసి ఇంటికి పోవచ్చు. కానీ అతను కాగితం, పెన్ను తీసి సిద్ధంగా పెట్టుకున్నాడు. అబద్ధమాడితే ఆ కాగితం మీద పడి ఉంటుంది, ఆడకపోతే నేను పడి ఉంటానేమో.

"నాలుగో పాట," అన్నాను. "మనిషిని పొడిసినోడి పాట. పొడిసినోడు అలా మాటాడడు."

"అలాగంటే?"

"రగతం, కత్తి మెరుపు, ఆడి కేక, అన్నీ వరసగా సెబుతున్నాడు. నిజంగా జరిగినోళ్లు నా బల్ల ముందు కూసుంటే ఆ సంగతే దాటేస్తారు. వాన పడిందనో, సెప్పు తెగిందనో సెబుతారు."

"పొడిసినోడెలా మాటాడతాడో నీకెలా తెలుసన్నా?"

నాకు తెలియదు. నాకు తెలిసినవి మోటారుసైకిల్ ప్రమాదాలు. ఆ ముక్క చెప్పేలోపే అతను నా మాటలన్నీ తన స్నేహితుడికి తమిళంలో వివరించేశాడు, ఏదీ వదలకుండా.

ఆ మనిషి కుర్చీని నా వైపు జరుపుకున్నాడు. నేను జేబులో కారు తాళం తడుముకున్నాను.

"కరెక్ట్ లా," అన్నాడు. తర్వాత నేల వైపు చూస్తూ, తమిళంలో, "అవేవీ గుర్తుండవు. నా జేబులో బస్సు టికెట్టుంది. తెల్లారేదాకా దాన్ని మడతపెడుతూ కూచున్నాను."

ర్యాపర్ పెన్ను ఆగిపోయింది. అతనికీ ఆ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. ఎవరని గాని, ఎప్పుడని గాని మేమిద్దరం అడగలేదు. నా విమర్శతో ఇంత పూర్తిగా ఏకీభవించిన శ్రోతను నేను చూడలేదు, చూడాలనీ లేదు.

ర్యాపర్ కాగితం తిప్పి, సన్నటి గొంతుతో, "అయిదో పాటన్నా?" అన్నాడు.

అయిదో పాట చాలా బాగుందన్నాను.