అన్నయ్య మీద పొయ్యని పేడనీళ్ళు

నా చిన్నప్పుడు ఇటుకల పండగ, అదే మా వేట పండగ, వచ్చిందంటే మా కొండ ఊళ్ళో ఆడవాళ్ళదే రాజ్యం. వేటకు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళను ఊరి మొదట్లోనే ఆపి, బిందెలతో పేడనీళ్ళు గుమ్మరించి, కడుపుబ్బ నవ్వేవాళ్ళం. మీసాలున్న పెద్దమనుషులు కూడా అరటిచెట్ల వెనక నక్కేవారు. ఎంత తడిస్తే అంత సంబరం.

ఒక ఏడు, ఆ పండగకు కొద్దిరోజుల ముందు, సంతలో ఒక షావుకారు మా పక్కింటి అన్నయ్యను అందరి ముందూ చెంప మీద కొట్టాడు. చింతపండు మళ్ళీ తూకం వెయ్యమని అడిగాడు, అంతే అతను చేసిన నేరం. మా ఊరివాళ్ళు చాలామంది చూశారు. ఇంటికొచ్చాక ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే చిన్నబుచ్చుకుంటాడని, ఊరుకోవడమే మర్యాద అనుకున్నారు.

పండగనాడు అతనూ వట్టి చేతులతోనే వచ్చాడు. మా మామ్మ ఆడవాళ్ళకు ముందే చెప్పి ఉంచింది. "ఆడి మీద మాత్రం పొయ్యకండే. పాపం, ఇప్పటికే సితికిపోయున్నాడు." తక్కినవాళ్ళంతా తడిసి ముద్దై కేకలు పెడుతుంటే, అతనొక్కడూ పొడిబట్టలతో పక్కన నిలబడ్డాడు. మా మామ్మది ఎంత మంచి మనసో అని నేను పొంగిపోయాను.

వానలు పడకముందే అతను ఇల్లు విడిచి, అడవిలో తుపాకులతో తిరిగే అన్నల్లో కలిసిపోయాడు. కొన్నేళ్ళకు, ఒక మధ్యాహ్నం, భుజాన తుపాకీతో మా గుమ్మంలోకి వచ్చి అంబలి అడిగాడు. అతనితో వచ్చినవాళ్ళు దూరంగా పనసచెట్టు కింద ఆగారు. నేను భయంతో తలుపు వెనక్కి తప్పుకున్నాను. మామ్మ మాత్రం అంబలి పోసి, అతని పక్కనే కూర్చుంది.

"మేమేటి తక్కువ సేసినాంరా నీకు?"

అతను కోప్పడలేదు. అంబలి తాగుతూ నెమ్మదిగా చెప్పాడు.

"ఆ దెబ్బ మర్సిపోయేవోణ్ణే మామ్మా. పండగనాడు అందర్నీ తడిపి నన్నొగ్గీసినారు. ఇంక నాను ఈ ఊరోణ్ణి కాననుకున్నాను. అడివిలో ఆల్లేమో కూకోబెట్టి, నొప్పెట్టిందా తమ్ముడూ అనడిగినారు. తుపాకీ మాట సానా రోజులకి గానీ ఎత్తలేదు."

పొయ్యవద్దని చెప్పింది తనేనని మామ్మ దాచలేదు. చెప్పి, చాలాసేపు అతని చెయ్యి పట్టుకుంది. "మరిప్పుడు ఆ నొప్పి తగ్గిందేట్రా?" అని అడిగింది.

అతను పనసచెట్టు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఇప్పుడాల్లు కూడా అడగరు మామ్మా."

అతన్ని చూడటం అదే ఆఖరు. ముందే ఎవరైనా అడిగి ఉంటే ఆగేవాడా? ఏమో, నాకు తెలియదు. ఆ ప్రశ్న మా మామ్మను బతికినన్నాళ్ళూ తినేసింది, ఇప్పుడు నన్ను తింటోంది. ఏ పిల్లాడైనా, ఏ పిల్లైనా అవమానపడి తల దించుకుని వస్తే, చూడనట్టు ఊరుకోవడం నావల్ల కాదు. వెళ్ళి పక్కన కూర్చుని ఏమైందని అడుగుతాను. నీకెందుకే ముసలీ అని కసురుకున్నవాళ్ళున్నారు. కసురుకోనీ, లేవను.