మా కుక్కకు నేను పడ్డ తూకం బాకీ

మా కుక్క పోగొట్టుకున్నవి ముందు రాస్తాను. ఒంటి బరువు, మూడు కిలోల రెండు వందల గ్రాములు. పదకొండు రోజుల తిండి. వాంతిలో నెత్తురు, మూడుసార్లు. నా చేతి మీద నమ్మకం కూడా పోయింది. దానికి తూకం లేదు గనుక లెక్కలో కలపలేదు.

ఇబ్రహీంపట్నంలో వడ్ల కాంటా దగ్గర తూకాలు రాయడం నా పని. లెక్కలు బస్తాల దగ్గరే నేర్చుకున్నాను. కుక్క వెనక కాలు కుంటుతుంటే నా భార్య మోకాళ్ల నొప్పులకు రెండు పూటలా వేసుకునే గోళీ గుర్తొచ్చింది. ఆమె అరవై కిలోలు, కుక్క ఇరవై. అంటే మూడో వంతు. గోళీని బ్లేడుతో మూడు ముక్కలు చేసి, రోజూ రెండు ముక్కలు పెరుగన్నంలో పెట్టాను. కుంటడం తగ్గింది. ఆరో రోజు నల్లటి విరేచనం, నెత్తుటి వాంతి.

పశువుల దవాఖానలో డాక్టరమ్మకు నా లెక్క చెప్పాను.

"లెక్క మంచిగనే ఉందన్నా. గని కుక్క కడుపు మనిషి కడుపుల మూడో వంతు కాదు. లోపల పుండయింది."

నా భార్య ఊరుకోలేదు. "నన్ను బస్తా లెక్క తూచి దాని కడుపు కాల్చినవ్."

రెండు రోజులు సెలైన్ ఎక్కించి, యాసిడ్ తగ్గడానికి గోళీలు రాశారు. పరగడుపున రెండు పూటలా మింగించాలి. నా చేతిలో గోళీ కనబడితే చాలు, కుక్క మంచం కిందికి పోయేది. పద్నాలుగు గోళీల్లో తొమ్మిది, అది ఉమ్మేసినవి, అక్కడే దొరికాయి. అది మళ్లీ నెత్తురు కక్కింది.

అప్పుడు డాక్టరమ్మ ఒక సూది సంగతి చెప్పింది. గుర్రాలకు వాడేదట, కుక్కలకు ఇప్పుడిప్పుడే ఇస్తున్నారట. "కండకేస్తే మందు మెల్లగ దిగుతది. ఐదారు రోజులు యాసిడ్ తక్కువుంటది. వారానికొకటి సాలు. జర నొస్తది."

"డోసెంత మేడం?"

"గది నువ్వు లెక్క గట్టకు."

నాలుగు వారాలు, నాలుగు సూదులు. ఆదిభట్ల కంపెనీ బస్సుల రద్దీ తగ్గాక ఆటోలో తీసుకెళ్లేవాణ్ని. వచ్చేటప్పుడు కాంటా దగ్గర దాన్ని ఎత్తుకుని ఎక్కి, మళ్లీ ఒక్కణ్నే ఎక్కి, నా బరువు తీసేసేవాణ్ని.

"అన్నా, దీనికి తరుగెంత తీస్తున్నవ్?" అని, బస్తాకు తేమ కింద కోసే తూకం గుర్తుచేసి హమాలీలు నవ్వేవారు.

మొదటి సూదికే వాంతి ఆగింది. రెండోదాని తర్వాత గిన్నె నాకింది. ఇప్పుడు నా భార్య పెడితే పెరుగన్నం కూడా తింటుంది. నేను పెడితే వాసన చూసి, నా మొహం చూసి, ఆమె వచ్చేదాకా ఆగుతుంది.

నిన్న మళ్లీ తూచాను. రెండు కిలోల నాలుగు వందలు తిరిగొచ్చాయి. ఇంకా నేను దానికి బాకీ ఉన్నది ఎనిమిది వందల గ్రాములు.