పాటగాడి పుస్తకం, మా మాటల క్యాసెట్

మా రూమ్‌లో ఒక పాటగాడి కొడుకు ఉండేవాడు. సముద్రం అవతల అరబ్బు దేశంలో, ఘాలా అనే చోట మా కంపెనీ క్యాంపు. రేకుల గదులు, గదిలో కిందా మీదా మంచాలు. అతని మంచం నాకు ఎదురుగా ఉండేది. వాళ్ల నాయన మా కరీంనగర్ దిక్కు పల్లెల్లో కంజీర పట్టుకొని పాటలు పాడేవాడు. ఈ సంగతి చెప్పిన రోజున మా మేస్త్రి అన్నం పళ్లెం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"నువ్వు ఆయన కొడుకువా? మా చెల్లె పెండ్లిల మీ నాయిన పాటకే పందిరి కూలింది గదరా! జనం గుంజలెక్కి ఇన్నరు," అన్నాడు.

ఆ పూట నుంచి అతను మా అందరికీ తమ్మి అయిపోయాడు. మేస్త్రి వయసులో పెద్దవాడు కాబట్టి అందరికీ కాక.

తమ్మి సెలవు మీద ఇంటికి పోయి వచ్చిన కొద్ది నెలలకే వాళ్ల నాయనకు గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్‌లో కోసి ప్రాణం నిలబెట్టారు గానీ గొంతు పోయింది. పాట సంగతి అటుంచితే మాట కూడా లేదు. ఏది కావాలన్నా సైగలే. గొంతు పోకముందు, ఆ సెలవులోనే తమ్మి నాయనను వాకిట్లో కూర్చోబెట్టి ఒక పాట పాడించి టేపు చేసుకొచ్చాడు. సద్ది మూట నెత్తిన పెట్టుకొని బావి కాడికి పోయే పిల్ల పాట అది, చాలా పెద్దది. ఆయన ఎన్ని ఊళ్లలో పాడినా టేపు చేసినవాళ్లు ఎవరూ లేరు. క్యాసెట్‌కు ఒక దిక్కు ఆ పాట ఉంది. రెండో దిక్కు భార్యా పిల్లల మాటలున్నాయి. పాట ఉన్న దిక్కున తమ్మి నాయన ముందే ఎర్ర గోళ్ల రంగుతో చుక్క పెట్టి, ఇక్కడికి తెచ్చి పెట్టెలో బట్టల కింద దాచాడు. నాయనకు గొంతు పోయిందని తెలిసినప్పటి నుంచి దాన్ని ఊరికే వేసేవాడు కాదు, అరుగుతుందని భయం.

మాకు క్యాసెట్లే ఉత్తరాలు. నేను రెండో తరగతితో ఆగినవాణ్ని. కూడబలుక్కుని చదువుతాను గానీ రాయమంటే చెయ్యి వణుకుతుంది. మిగతావాళ్లూ అంతంతే. అందుకని ఇంటికి చెప్పదలచుకున్నదంతా టేపులో చెప్పి, సెలవు మీద పోయేవాడి చేతికి ఇచ్చేవాళ్లం. అటునుంచి వచ్చేవాడు అదే క్యాసెట్‌లో జవాబు తెచ్చేవాడు. పాత మాట మీద కొత్త మాట ఎక్కేది.

అట్లా ఒకసారి తమ్మికి మామిడికాయ తొక్కుతో పాటు ఒక పుస్తకం వచ్చింది, ఒక క్యాసెట్ వచ్చింది. పుస్తకం వాళ్ల నాయన జీవిత చరిత్ర. వాళ్ల ఊరి బడిలో పనిచేసిన పంతులు ఒకాయన ఏళ్ల తరబడి వెంట తిరిగి, పాటలన్నీ కాగితం మీద రాసుకొని, చివరకు అచ్చు వేయించాడు. చదివినవాళ్లు అభిప్రాయాలు రాసి పంపమని ఆఖరి పేజీలో ఉంది. క్యాసెట్‌లో తమ్మి భార్య గొంతు.

"మామ నలుగుర్ల కూసుంటలేడు. అన్నం సరిగ తింటలేడు. పుస్తకం చేతిల వెడితె పక్కకు జరిపిండు. ఆడ మనోళ్లు సదివి ఏమంటున్నరో టేపు జేసి పంపుండ్రి. గది ఇంటె జర మనిషయితడేమో."

అంతవరకు విన్నామో లేదో, మా పాత టేప్ రికార్డర్ ఆ క్యాసెట్‌ను నమిలేసింది. టేపంతా పేగుల్లా బయటికి వచ్చింది.

పుస్తకం చదివిపెట్టేవాడు మా గదిలో లేడు. ఒక హాస్పిటల్‌లో వార్డు పని చేసే కోస్తా కుర్రాడు ఒకడు మా సైట్ మీద దెబ్బ తగిలినవాళ్ల వల్ల మాకు పరిచయం. అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. ప్రార్థన ముగించుకొని మా దగ్గరికి అన్నానికి వచ్చేవాడు. అతణ్ని మేం సారూ అని పిలిచేవాళ్లం. చర్చిలో వాక్యం చదివిన అలవాటేమో, పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకొని గట్టిగా చదివేవాడు.

"సారూ, గిది బైబిల్ గాదు, జర మెల్లగ సదువు. ఆయన గంత పుణ్యాత్ముడేం గాదు," అనేవాడు మేస్త్రి కాక.

"మీరు అడ్డం పడకండి బాబాయ్, వరస తప్పుతుంది," అనేవాడు సారు.

అట్లా కొన్ని శుక్రవారాలు చదివి ముగించాడు. ఇక అభిప్రాయాలు చెప్పాలి. మా గదిలో ఉండే డ్రైవర్, అందరం బావా అనేవాళ్లం, సెలవు మీద తీసుకుపోదామని మత్రా బజారులో పెద్ద టేప్ రికార్డర్ కొని డబ్బా కూడా విప్పకుండా మంచం కింద పెట్టుకున్నాడు. పాటగాడికి పంపేది పాత డొక్కు మీద చేస్తామా అని తానే డబ్బా విప్పాడు. మెషిన్ ఉంది, క్యాసెట్ లేదు. మావి అంతకు ముందే ఊరికి పోయేవాడి చేత పంపేశాం. శుక్రవారం మధ్యాహ్నం, దుకాణాలు మూసి ఉన్నాయి.

తమ్మి పెట్టె తెరిచాడు. "మా ఇంటామె మాటలు ఎన్నోసార్లు ఇన్న. గా దిక్కు టేపు జెయ్యుండ్రి. ఎర్ర చుక్క దిక్కు మా నాయిన పాట ఉన్నది, అది ముట్టొద్దు," అన్నాడు. ఎర్ర చుక్క అవతలికి వచ్చేట్టు చూసుకొని తానే పెట్టాడు. మేమూ చూశాం. పక్క అయిపోతే మీట టక్కుమని పైకి లేస్తుంది, అప్పుడు ఆపేస్తే సరి. మాకు తెలిసిన మెషిన్లన్నీ అంతే.

నేను పొయ్యి మీద పప్పు కుక్కర్ పెట్టి వచ్చి కూర్చున్నాను. మొదట బావ మాట్లాడాడు.

"పుస్తకం మంచిగున్నది. కని మీ అమ్మ ముచ్చట ఒక్క కాడనే ఉన్నది తమ్మీ, పెండ్లి అయిందని రాసిన కాడ. ఆయన ఊరూరు తిరిగి పాడుతుంటె ఎడ్లకు గడ్డెవలేసిన్రు? నాగలెవలు గట్టించిన్రు? పంతులు గది అడగనే లేదు."

తమ్మి తల వంచుకున్నాడు. "నిజమే బావా," అన్నాడు మెల్లగా.

కాక గొంతు సవరించుకున్నాడు. "అండ్ల కల్లు ముచ్చట లేకపాయె! పాలు దాగి పాడినట్టు రాసిండు. కల్లు లోపలికి పోకుండ ఆయన గొంతు లేసిందా ఎన్నడన్న?"

"కాకా, నాయిన ఇంటడు, జర సూసి మాట్లాడు!"

"ఇననియ్! ఇనాలనే చెప్తున్న. పెద్దన్నా, నేను అబద్ధమాడితె మల్లచ్చినప్పుడు నా చెవి పిండు."

గది గదంతా నవ్వింది. నా వంతు వచ్చింది. పెద్ద పట్నంలో ఆయనకు దండలు వేసిన సంగతి రాశారు గానీ మా ఊరికి వచ్చిన సంగతి రాయలేదని మొదలుపెట్టాను. మా వాడకట్టులో ఆయన పాడుతుంటే మా అమ్మ పొయ్యి మీది అన్నం మరిచిపోయింది. మాడిన వాసన వాడకట్టంతా కొట్టినా ఒక్క ఆడమనిషి కూడా లేచి ఇంట్లోకి పోలేదు, ఎవరి ఇంటిదో వాళ్లకు తెలియక కాదు. మా నాయన ఆ రాత్రి మాడిన అన్నం తింటూ, పాట రుచి వస్తోందని అన్నాడు. ఇట్లాంటివి నాకు మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు. నడుమ నడుమ బావ మెషిన్ వైపు చూసి, "ఇంక తిరుగుతున్నది, చెప్పన్నా చెప్పు," అన్నాడు. కాక మళ్లీ అందుకున్నాడు. అట్ట మీద ఫోటోలో ఆయనకు కళ్లద్దాలు పెట్టారట, ఆయన జన్మలో అద్దాలు పెట్టలేదట, శాలువా కూడా ఎవరిదో అడిగి తెచ్చి కప్పినట్టుందట. కుక్కర్ కూసింది. టేపు తిరుగుతూనే ఉంది. ఈ కొత్త మెషిన్‌లో టేపు ఎంత సేపు వస్తోందిరా అని ఒకరికొకరం సంతోషపడ్డాం.

ఆఖరున సారును చెప్పమన్నాం.

"నాదేం అభిప్రాయమండీ. చదివింది నేనే గానీ నాకే అంతా తెలియలేదు. సద్ది తీసుకెళ్లే పిల్ల పాట అన్ని పేజీలు ఉంది. మాటలైతే చదివాను. అదెలా పాడతారో నాకు తెలీదు. మీరంతా ఆ పేజీలు వచ్చినప్పుడు తలలు ఊపారు. నేను ఊపలేకపోయాను," అన్నాడు.

తమ్మి మొహం వెలిగింది. "ఉండు సారూ, వినిపిస్త. నాయిన గొంతుతోనే ఇను," అని మీట నొక్కి ఆపి, క్యాసెట్ తీసి, ఎర్ర చుక్క దిక్కు పెట్టి, కొంచెం వెనక్కి తిప్పి వేశాడు.

కాక గొంతు వచ్చింది. కళ్లద్దాల సంగతి. దాని వెనక మా నవ్వులు. కుక్కర్ కూత.

"తప్పు దిక్కు వెట్టినవురా," అన్నాడు కాక.

తమ్మి తీసి చూశాడు. చుక్క ఉంది. మళ్లీ పెట్టాడు. ముందుకు తిప్పాడు, సారు గొంతు వచ్చింది. వెనక్కి తిప్పాడు, మా అమ్మ అన్నం మాడబెట్టుకుంటోంది. ఇంకా వెనక్కి, మొదటిదాకా. అంతా మేమే. చివరన ఒక ముక్క మిగిలిందేమోనని అక్కడికీ పోయాడు. పాట అయిపోయాక ఎవరో దగ్గిన దగ్గు, వాళ్ల ఇంటి కోడి అరుపు, అంతే ఉన్నాయి.

పొయ్యి మీద పప్పు అట్లాగే ఉంది. బావ ఆ మెషిన్ వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. పాము కరిచిన చేతిని చూసుకున్నట్టు చూశాడు.

మరుసటి శుక్రవారం సాయంత్రం మేం నలుగురం మత్రా పోయాం. మెషిన్ అమ్మిన దుకాణదారు బొంబాయి మనిషి. మంచివాడే. క్యాసెట్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే ఆటో రివర్స్ హై భాయ్. అప్నే ఆప్ పలట్తా హై," అన్నాడు. పక్క అయిపోతే ఈ మెషిన్ ఆగదట, తనంతట తానే రెండో దిక్కుకు మళ్లి అక్కడా టేపు చేసుకుంటూ పోతుందట. క్యాసెట్ అంచున చిన్న రేకు ఉంటుంది, అది విరగ్గొడితే ఎవరూ దాని మీద టేపు చేయలేరని కూడా చూపించాడు. మాకెవరికీ అది తెలియదు.

కాక ముందుకు వంగాడు. ఆయనకు హిందీ తక్కువ. నా భుజం తట్టి, "మన మాటలు తుడిసేస్తె కింద పాట ఉంటదా, అడుగు," అన్నాడు.

నేను అడిగాను. దుకాణదారు తల అడ్డంగా తిప్పాడు. "నహీ చాచా. నీచే కుఛ్ నహీ రహతా."

కింద ఏమీ మిగలదన్న ఆ మాట కాకకు నేను చెప్పనక్కర లేకపోయింది. సముద్రం ఒడ్డున గోడ మీద కూర్చొని తువ్వాల మొహానికి పెట్టుకున్నాడు. "కల్లు ముచ్చట జెప్పకుంటె ఏమాయె. అద్దాల ముచ్చట నాకెందుకు," అంటూ ఉండిపోయాడు. తమ్మే ఆయన పక్కన కూర్చొని, "నువ్వేం జేసినవ్ కాకా, పెట్టింది నేను," అన్నాడు.

ఆ క్యాసెట్ పంపాలా వద్దా అని తమ్మి కొన్నాళ్లు ఊగిసలాడాడు. పంపకపోతే అక్కడ నాయన ఎదురుచూస్తున్నాడు. పంపితే ఎర్ర చుక్క చూసి కనిపెడతాడు. వేరే క్యాసెట్‌లో మళ్లీ చెబుదామని కూర్చున్నాం గానీ ఒక్కరికీ నోరు పెగల్లేదు. నాకే మాట రాలేదంటే చూడండి. కడకు ఊరికి పోయే ఒకతని చేతికి దాన్నే ఇచ్చాడు. చుక్కను బ్లేడుతో గీకబోయి, ఆగి, అట్లాగే ఇచ్చాడు.

జవాబు వేరే క్యాసెట్‌లో వచ్చింది. బావ ఇంకా సెలవు మీద పోలేదు కాబట్టి ఆ పెద్ద మెషిన్ మీదే పెట్టాం. తమ్మి భార్య చెప్పింది.

"మామ ఇన్నడు. మేస్త్రి కాక కల్లు ముచ్చటకు మస్తు నవ్విండు, నవ్వుతుంటె కండ్లల్ల నీళ్లచ్చినయ్. అత్త ముచ్చట కాడ మల్ల మల్ల ఏపిచ్చుకున్నడు. అటెన్క సుక్క దిక్కు తన పాట వెట్టుమని సైగ జేసిండు. అండ్ల గూడ మీ మాటలే ఉన్నయ్. పాట ఏదని సెయ్యి తిప్పిండు. నేను ఏం జెప్పాలె? ఏం జెప్పలె. ఆయినకు సమజయింది గావచ్చు. పొద్దుందాక అట్లనే కూసున్నడు. తెల్లారి కంజీర దెమ్మన్నడు. టేపు వెట్టుమన్నడు. ఇగో, ఇనుండ్రి."

కంజీర మోగింది. మొదట మెల్లగా, తర్వాత నడక అందుకుంది. ఆ దరువు మాకు తెలుసు. బావి కాడికి పోయే పిల్ల నడక అది. పాట మొదలవ్వాల్సిన చోటు వచ్చింది. కంజీర ఒక్కటే సాగిపోయింది.

"నువ్వు పాడు తమ్మీ, నీకస్తది గద," అన్నాడు బావ.

"నాకు రాదు బావా. నేను చిన్నప్పటి సంది వంత ఇచ్చెటోన్నే. పాట నాయినది. నాది వంత ఒక్కటే."

సారు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీశాడు. మాటలు దరువు మీద పెట్టి చూశాడు. ఒకటి ముందు పడింది, ఒకటి వెనక పడింది. పుస్తకం మూసి ఒడిలో పెట్టుకున్నాడు. మేమెవరమూ అందుకోలేకపోయాం. పందిరి కింద కూర్చొని విన్నవాళ్లమే అందరం. వినడమే తెలుసు మాకు.

కంజీర ఒక చరణం మేర మోగి, చిన్నగా ఆగి, జల్లుమంది. వంత పడాల్సిన చోటు అది. తమ్మి కళ్లు మూసుకొని, "ఔనే పిల్లా, ఔనే," అన్నాడు. మళ్లీ చరణం మేర దరువు, మాట లేదు. మళ్లీ జల్లు. "ఔనే పిల్లా, ఔనే." నాయన ఏమన్నాడో మాకు వినబడదు, కొడుకు మాత్రం ఔనంటున్నాడు. పాట మొత్తం అట్లాగే నడిచింది. కాక గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

దరువు ఆగింది. కాసేపటికి మెషిన్ తనంతట తానే రెండో దిక్కుకు మళ్లింది. అటు ఏమీ లేదు, సన్నని హోరు. బావ ఆపుదామని చెయ్యి చాపాడు.

"ఉండనియ్ బావా," అన్నాడు తమ్మి.

ఖాళీ టేపు ఆ చివరిదాకా తిరిగిపోయేవరకు మాలో ఎవరం లేవలేదు.