ఎముకల ఆట... మూడు కుట్లు

మా చిన్నప్పుడు ఈ దీవిలో, డాలీగంజ్ పేటలోని మా ఇంట్లో యుద్ధం మొదలయ్యే ముందు టేప్‌రికార్డర్ కీచుమని ఏడ్చేది... పది నిమిషాలు అలా ఏడిస్తే గానీ క్యాసెట్‌లోని ఆట కంప్యూటర్‌లోకి ఎక్కేది కాదు. ఈలోపు కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచీ.

కంప్యూటర్ అంటే ఒట్టి కీబోర్డే. టీవీకి తగిలించుకోవాలి. ఓడలో పనిచేసే మా బాబాయి మద్రాసు నుంచి తెచ్చాడు.

మా ప్రాణమంతా ఎముకల ఆట మీదే. కోటగోడ మీద ఇద్దరు కర్రలతో చావగొట్టుకుంటారు. ఓడినవాడు అక్కడికక్కడే ఎముకల గుట్ట అయిపోతాడు. ఒకే కీబోర్డు మీద ఎడమవైపు అన్నయ్య, కుడివైపు నేను... మోచేతులతో పొడుచుకుంటూ, జుట్లు పీక్కుంటూ.

గెలుపు మాత్రం ఎప్పుడూ అన్నయ్యదే. సరిగ్గా కొట్టబోయేసరికి నా మనిషి కర్ర ఎత్తకుండా నిలబడిపోయేవాడు. ఒకరోజు వరసగా ఏడుసార్లు నన్ను ఎముకలు చేశాడు.

"నా బటన్ నొక్కేస్తన్నావు నువ్వు," అన్నాను.

"నీ బటన్ నాను ముట్టనేదే. అమ్మ తోడు," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వుకి ఒళ్ళు మండిపోయింది. టేప్‌రికార్డర్ రెండు చేతులా ఎత్తి అన్నయ్య నుదుటి మీద మోదాను. రక్తం కంట్లోకి కారి, కీబోర్డు మీద బొట్లు బొట్లుగా పడింది. మూడు కుట్లు. నాన్నకి తెలిస్తే నా వీపు చీరేసి, కంప్యూటర్‌ని సముద్రంలో పడేసేవాడు. కానీ అన్నయ్య, "గుమ్మం తగిలి పడిపోనాను," అన్నాడు. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు. నేనే... ఆ మచ్చ కనిపించినప్పుడల్లా తల దించుకునేదాన్ని.

పోయిన నెల ఇనప్పెట్టెలో ఆ కంప్యూటర్ దొరికింది. గోల్ ఘర్ బజారులో రిపేరు షాపు భయ్యా బాగుచేసి ఇచ్చాడు. క్యాసెట్లకు పట్టిన బూజు నేనే దూదితో తుడిచాను. ఒక్కటే బతికింది... అదే.

ఇన్నేళ్ళ తర్వాత ఆడితే ఎలా ఉందంటారా... మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. సంగీతం చెవిలో దోమే. కానీ దెబ్బ తగిలినప్పుడు వచ్చే ఆ ఠక్ శబ్దానికి ఇప్పటికీ నా పిడికిలి బిగుసుకుంది.

మా పాపని అన్నయ్య వైపు కూర్చోబెట్టాను. రెండో ఆటకే నా మనిషి మళ్ళీ కదలకుండా నిలబడిపోయాడు. పాప మీద చెయ్యి ఎత్తాను కూడా... అప్పుడు చూశాను. దాని అరచెయ్యి దాని బటన్లు మూడింటి మీదా పరుచుకుని ఉంది. తీయించాను, నా కర్ర లేచింది. మళ్ళీ పెట్టించాను, లేవలేదు. అన్నీ ఒకేసారి నొక్కితే ఆ మిషన్‌కి నా బటన్ అందదు.

అంటే అన్నయ్య నిజమే చెప్పాడు. అన్యాయంగా తల పగలగొట్టాను. అప్పటికప్పుడు స్కూటర్ తీసి లంబాలైన్‌లో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. చెప్తుంటే ఏడుపొచ్చేసింది.

అన్నయ్య మచ్చ గోక్కున్నాడు.

"ఆ కిటుకు నాకు రెండో దినమే తెలిసిపోనాది బుల్లీ. మూడూ నొక్కీసి ఉంచీవోణ్ణి. తప్పు నాది కాదేటి... అందుకే నాన్నకి చెప్పనేదు. అబ్ ఛోడ్ నా... ఇంక వొగ్గీ."

చేతిలో టేప్‌రికార్డర్ లేదు గానీ, ఉంటే రెండోవైపు కూడా మూడు కుట్లు పడేవి. ఇన్నేళ్ళూ దించుకున్న తల మాత్రం ఆ వాకిట్లోనే పైకి లేచింది.

ఇప్పుడు మా పాప ఫోన్లో రోజుకి వందమందిని చంపుతుంది. ఎవరికీ రక్తం రాదు, ఎవరి ముఖమూ దానికి తెలియదు. మంచిదే... కానీ పెద్దయ్యాక ఎవరి వాకిట్లోకి వెళ్ళి ఏడుస్తుంది?

మీ ఒంటి మీద ఏ ఆట మచ్చ ఉందో చెప్పండి... ఆ మచ్చ పెట్టినవాళ్ళని కూడా ఈ పోస్టు కిందికి పిలవండి.