కారుకు తలంటు

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క శత్రువు ఉప్పు గాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడది నాకు నవ్వులాట కాదు. విశాఖ తీరంలో మా ఇల్లు సముద్రానికి ఎంత దగ్గరంటే, పొద్దున్న ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి అప్పడంలా బిగుసుకుపోయేది. కిటికీ ఊచలు, తలుపు గొళ్ళెం, మా అమ్మ వాకిట్లో వేసుకు కూర్చునే ఇనప కుర్చీ, ముట్టుకుంటే చాలు తుప్పు రాలేది. తరతరాలుగా చేపల వేటతో బతికిన కుటుంబం మాది. ఆ గాలి మీద మా వాళ్ళెవరికీ ఫిర్యాదు లేదు. నాకూ ఉండేది కాదు. రుషికొండ దగ్గర ఆఫీసులో ఉద్యోగం దొరికి, ఎవరో వాడి వదిలేసిన ముదురు నీలం రంగు కారొకటి కొనుక్కుని ఇంటి ముందు నిలబెట్టాకే పగ మొదలైంది.

కారు కడగడం నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒక బకెట్లో సబ్బు నీళ్ళు, ఇంకో బకెట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్ళు. ముందు పైకప్పు, తర్వాత బానెట్టు, చక్రాలు ఆఖరున. గుడ్డ గుండ్రంగా తిప్పకూడదు, గీతలు పడతాయి. గుడ్డ కింద పడితే అది ఇక కారుకు పనికిరాదు (మా ఇంట్లో అలాంటి గుడ్డలు ఎంత పోగుపడ్డాయంటే మా అమ్మ వాటితో బొంత కుట్టించింది). కారు దగ్గరికి వచ్చే ముందు ఉంగరం, బెల్టు, గడియారం తీసి లోపల పెట్టేవాణ్ణి. మా వీధి కొళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఇదంతా చూస్తూ, "ఏటి బావూ, దేవుడికి అభిషేకమేటి? కారుకి రెండు బకెట్లు, మరి నీకెన్ని?" అని అడిగేవారు. నేను తలెత్తకుండా గుడ్డ జాడించుకునేవాణ్ణి. గొప్ప పనులు చేసేవాళ్ళను లోకం మొదట్లో ఇలాగే వెక్కిరిస్తుందని నా నమ్మకం.

ఇంత భక్తి వెనక ఒక కారణం ఉంది. అప్పటికే రెండు పెళ్ళి సంబంధాలు వచ్చి మా వీధి మొగ దాకా చూసి వెనక్కి పోయాయి. ఆరబెట్టిన చేపల వాసన, దారికి అడ్డంగా పరిచిన వలలు చూసి "అబ్బాయి ఉద్యోగం బాగానే ఉంది గానీ..." అని ఆగిపోయేవారు. ఆ 'గానీ' తర్వాత మాట మా అమ్మకు వినబడకపోయినా తెలిసేది. ఆ పూట ఆవిడ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. మూడో సంబంధం కూర్మన్నపాలెం నుంచి వచ్చింది. వాళ్ళూ ఒకప్పుడు వేట మీద బతికినవాళ్ళే. పిల్ల తండ్రి కుర్రతనంలోనే ఒడ్డు వదిలి ఉక్కు కర్మాగారంలో చేరి, ఫోర్‌మన్ అయి, అక్కడే ఇల్లు కట్టుకున్నారు. పిల్ల బడిలో లెక్కలు చెబుతుంది. మధ్యవర్తి వచ్చి, "ఆయనకి కట్నాలూ కానుకలూ అక్కర్లేదు. అబ్బాయి శుభ్రంగా ఉంటాడా అని ఒకే ఒక్క మాట అడిగేడు. ఆదివారం వొచ్చి అగుపడమన్నాడు," అన్నాడు. ఆ మాటతో నా బుర్రలో పెళ్ళికూతురు వెనక్కి పోయి కారు ముందుకొచ్చింది. ఈ సంబంధం కుదరడం, కుదరకపోవడం ఆ నీలం రంగు మెరుపు మీద ఆధారపడి ఉందని నేను నిజంగా నమ్మాను.

ఇక్కడ మా మావ గురించి చెప్పాలి. మా అమ్మకు తమ్ముడు. నావలో ఎప్పుడూ చుక్కాని దగ్గరే కూర్చునేవాడు గనక ఊరంతా ఆయన్ని సుక్కాని అనే పిలిచేది. నా చిన్నప్పుడు మా అయ్య వేటకెళ్ళి తిరిగి రాలేదు. తర్వాత నన్ను చదివించింది మావే. చెక్క నావల కాలంలో ఏటా వేట మొదలయ్యే ముందు నావకు సొర చేప కార్జం కాచిన నూనె పట్టించేవారు. చెక్క ఉప్పునీళ్ళకు నానకుండా ఉండటానికి. మా అయ్య పోయిన ఏడు కాచిన నూనె చాలక, ఆయన నావకు పూయకుండానే దింపారు. నావ మునగడానికి అదొక్కటే కారణం కాదని, ఆ రోజు గాలివానకు కొత్త నావలు కూడా విరిగాయని అందరూ చెప్పారు. మావ ఎవరి మాటా వినలేదు. ఆ తర్వాత ఫైబరు బోట్లొచ్చాయి, నూనెతో పని పోయింది. అయినా మావ ఒక డబ్బాడు నూనె కాచి అటక మీద దాచే ఉంచాడు. ఎందుకని మేమెవరం అడగలేదు.

శనివారం సాయంత్రం నేను వాక్సు పట్టించి, ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో తుడిచేసరికి బానెట్టు మీద ఆకాశం కనిపించింది. మావ చాలాసేపు గోడకు ఆనుకుని చూసి, దగ్గరికొచ్చి, వేలుతో ముట్టుకోబోయి నా మొహం చూసి ఆగిపోయాడు.

"అల్లుడూ, ఇది ఉప్పు గాలికి ఆగుతాదేటి?"

"ఏమో మావా, ఆగాల," అన్నాను నేను గుడ్డ మడతపెడుతూ.

ఆ 'ఏమో' దగ్గరే అంతా జరిగిపోయింది.

ఆదివారం తెల్లవారి తలుపు తీసేసరికి మా వాకిట్లో పిల్లులున్నాయి. మా వీధి పిల్లులు, పక్క వీధివి, నేను ముందెప్పుడూ చూడనివి, గుళ్ళో జనంలా బుద్ధిగా కారు చుట్టూ కూర్చుని ఉన్నాయి. ఒకటి టైరు నాకుతోంది. పైకప్పు మీద కాకులు. కారు మాత్రం మెరుస్తోంది. నేనెన్ని వీడియోలు చూసినా రాని మెరుపు. ఆ తర్వాత గాలి నావైపు తిరిగింది, వాసన తగిలింది. ఆ వాసన గురించి ఎక్కువ చెప్పను. తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళు అదృష్టవంతులు. మావ ఖాళీ డబ్బా పట్టుకుని, మోచేతుల దాకా నూనెతో, కారు వెనక నిలబడి ఉన్నాడు.

"అంతా పట్టించేసేన్రా. అద్దాలొక్కటే ఒగ్గీసేను, సూపు కనబడాల కదా. ఇంక నీకేటీ బయం లేదు," అన్నాడు.

నా నోటిదాకా ఎన్నో మాటలొచ్చాయి. కానీ ఆయన మొహం చూశాను. అన్నేళ్ళుగా మోస్తున్న బరువేదో ఆ తెల్లవారుజామున కాస్త దించుకున్న మనిషి మొహం అది. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి. రెండిటినీ మింగి, "మంచిది మావా," అన్నాను. కడుగుదామంటే కొళాయిలో నీళ్ళింకా రాలేదు. వర్జ్యం వచ్చేలోగా బయల్దేరాలి. ఆటో పిలుద్దామని అమ్మ చెవిలో అంటే, "ఆడు సిన్నబుచ్చుకుంటాడ్రా," అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది.

పోర్టు పక్క రోడ్డు సంగతి తెలిసినవాళ్ళకు తర్వాత ఏం జరిగిందో చెప్పనవసరం లేదు. ముందు ఎర్ర ఖనిజం లారీలు, వాటి వెనక నల్ల బొగ్గు లారీలు. మామూలు కారైతే ఆ దుమ్ము పడుతుంది, పోతుంది. మాది పట్టుకుంది. మల్కాపురం దాటేసరికి నీలం రంగు కనబడలేదు. గాజువాక వచ్చేసరికి కారు మీద కంబళి కప్పినట్టుంది. సిగ్నలు దగ్గర పక్కన ఆగిన బండివాడు మాకేసి చూసి, ముక్కు మూసుకుని, ముందుకు జరిగాడు. ముందు సీట్లో మావ తెల్ల చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా కూర్చున్నాడు. కొంత దూరం పోయాక మెల్లగా, "తప్పు సేసేనేట్రా?" అన్నాడు. "లేదు మావా," అన్నాను. వెనక సీట్లో మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాసనకో, ఏడుపు ఆపుకోవడానికో నేను అడగలేదు.

ఫోర్‌మన్ గారి ఇల్లు అద్దంలా ఉంది. గేటుకు కొత్త రంగు, వాకిట్లో కవరు కప్పిన స్కూటరు, ఆ కవరు మీద కూడా దుమ్ము లేదు. ఆయన ఇస్త్రీ చొక్కాతో గేటు దాకా వచ్చి, "రండి రండి," అనబోయి ఆగిపోయారు. ఎదురింటి గోడ మీంచి ఒక పిల్లి దిగి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆయన మా వైపు కాకుండా కారు వైపు నడిచారు. చుట్టూ ఒకసారి తిరిగారు. చూపుడు వేలు బానెట్టు మీద పెట్టి ఒక గీత గీశారు, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మా అమ్మ తల దించుకుంది. ఈ సంబంధం కూడా పోయిందని నాకు అర్థమైపోయింది.

"సొర నూనె కదండీ ఇది? ఎవరు పూసేరు?" అన్నారాయన, ఎవర్నీ చూడకుండా.

మావ ఒకడుగు ముందుకేశాడు. "నానేనండి. పిల్లడికేటీ తెల్దు. ఆడు నిన్న శుబ్బరంగా కడుక్కున్నాడు. ఆళ్ళయ్య నావకి ఆ ఏడు నూనె పుయ్యలేదండి, పుయ్యకండా పంపీసేం. ఈడు మంచి పని మీద ఎల్తన్నాడు కదా, పుయ్యకండా పంపడానికి నాకు మనసొప్పలేదు. తప్పు నాదండి. ఆణ్ణి ఏటీ అనుకోకండి."

ఫోర్‌మన్ గారు ఆ వేలు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత, "మా అయ్యా పూసీవోడు. నావకి బావా, కారుకి కాదు," అన్నారు. అంతవరకూ 'అండి' అన్న మనిషి 'బావా' అన్నారని మా అమ్మకు నాకంటే ముందు తెలిసింది. గభాలున తలెత్తి చూసింది. ఆయన అప్పటికే లోపలికెళ్ళి, ఇస్త్రీ చొక్కా విప్పేసి, బనీను లుంగీలతో నీళ్ళ గొట్టం లాక్కుంటూ వస్తున్నారు. "ఒలే, తలంట్లకని నానబెట్టిన కుంకుడుకాయలు తే. సున్నిపిండి కూడా అట్రా. నూనె నీళ్ళకి పోదు," అని ఇంట్లోకి కేకేశారు.

అలా మా పెళ్ళిచూపులు వాకిట్లో మొదలయ్యాయి. మావ, ఫోర్‌మన్ గారు తలుపులు రుద్దుతూ ఏ తీరంలో సొరలు ఎక్కువ పడేవో మాట్లాడుకుంటున్నారు. మా అమ్మ, ఆ ఇంటావిడ మెట్ల మీద కూర్చుని కుంకుడుకాయ పిసుకుతున్నారు (తర్వాత నన్ను పెళ్ళికొడుకును చేసిన రోజు కూడా మా ఇంట్లో ఇంత హడావుడి జరగలేదు). నేను గుడ్డ పట్టుకుని బానెట్టు దగ్గర నిలబడ్డాను. అవతలి పక్కకు చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్న ఒక అమ్మాయి గిన్నెతో వచ్చింది. ఫొటోలో చూసిన మొహమే గానీ ఫొటోలో ఈ నవ్వు లేదు. గిన్నెలోంచి సున్నిపిండి గుప్పెడు తీసి బానెట్టు మీద వేసి, గుండ్రంగా, బలంగా రుద్దడం మొదలుపెట్టింది. చేతి నిండా గాజులు.

చదువుతున్న మీకు నా అవస్థ అర్థం కావాలంటే, ఉంగరం కూడా తీసి కారు కడిగే మనిషి నేనని గుర్తుంచుకోవాలి. సున్నిపిండి గరుకు. గుండ్రంగా రుద్దకూడదు. ఆ గాజులు కిర్రుమంటూ రంగు మీద వెళ్ళడం నేను విన్నాను, వెనకే నీళ్ళు జారి, నీలం బయటపడి, దాని మీద సన్నని గీతలు విసనకర్రలా విచ్చుకోవడం చూశాను. ప్రాణం విలవిల్లాడింది. అమ్మాయి చెయ్యి ఆపి, తలెత్తింది.

"ఏటండీ, ఏటైనా అయిందా?"

కారు చూశాను. అటు మావను చూశాను. నూనె చేతులతో, ఎన్నడూ లేనంత ధారాళంగా మాట్లాడుతున్నాడు. మా అమ్మ నవ్వుతోంది. "ఏటీ అవలేదండి. ఇక్కడ ఇంకొంచెం ఉంది, రుద్దండి," అన్నాను.

అమ్మాయి రుద్దింది.

పెళ్ళయిన చాలాకాలానికి, ఏదో మాట మీద మాటొచ్చి, మా ఆవిడ చెప్పింది. "గీతలు పడ్డం నానూ సూసేను. మీ మొకం తెల్లగా పాలిపోయింది. ఏటంటారో సూద్దారనే అడిగేను."

"గాజులు తీసీమని అనుంటే?"

"కాఫీ ఇచ్చి పంపీసీవోళ్ళం."

ఇప్పుడు మేం కూర్మన్నపాలెంలోనే ఉంటున్నాం. ఇక్కడ ఉప్పు గాలి అంతగా రాదు. కారు పాతదైపోయినా మార్చలేదు. ఎండ మండిన రోజు తలుపు సందుల్లోంచి ఆ వాసన ఇప్పటికీ సన్నగా వస్తుంది. మావ వచ్చినప్పుడల్లా దాని మీద చెయ్యి వేసి, "పొడిగా అయిపోనాదిరా అల్లుడూ," అంటాడు. నేను వినబడనట్టు ఊరుకుంటాను. ఆదివారాలు ఇంకా కడుగుతాను, రెండు బకెట్లతోనే. పాలిష్ పట్టే మెషీను కూడా కొన్నాను. ఆ గీతలు దాంతో క్షణంలో పోతాయని నాకు తెలుసు. బానెట్టు మీద ఆ చోటికి రాగానే మెషీను ఆపి, చుట్టూ తిప్పుకుని పోతాను. నిన్న మా ఆవిడ బాల్కనీలోంచి, "అక్కడ సెయ్యలేదేటి?" అని అడిగింది, తెలిసి తెలిసీ. వంగి చూశాను. చుట్టూ ఉన్న మెరుపులో జుట్టు పలచబడ్డ నా మొహం స్పష్టంగా కనిపించింది. ఆ గీతల మధ్య మాత్రం సరిగ్గా కనబడక, గుడ్డ పట్టుకుని నిలబడ్డ ఆనాటి కుర్రాడిలాగే ఉన్నాను.